శోషించే పదార్థాలలో సూక్ష్మ కణాల కాంతి పరిక్షేపణం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో కాలువ నీటి మీద, రొయ్యల చెరువుల మీద, ధాన్యం నాణ్యత మీద పనిచేసే విద్యార్థులు కాంతి పరిక్షేపణాన్ని కంప్యూటర్‌లో లెక్కించబోయినప్పుడు పదే పదే ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రం, సంకీర్ణ సంఖ్యలతో కొద్దిపాటి పరిచయం ఉంటే చాలు.

వరద రోజుల్లో గోదావరి ఎర్రగా కనబడటానికి కారణం పరిక్షేపణమా, శోషణమా?

రెండూ కారణమే. ఈ రెంటినీ విడదీసి చూడటం నేర్చుకుంటే మిగతా విషయం సులువుగా అర్థమవుతుంది. తొలకరి వానలతో కొత్తనీరు దిగి, ధవళేశ్వరం దగ్గర ఎర్రనీరు కనిపించి, పులస కోసం జనం ఎదురుచూసే రోజుల్లో ఒక గాజు గ్లాసుతో ఆ నీటిని ముంచి ఎండకు పట్టి చూడండి. నీటిలో తేలే బంకమట్టి కణాలు తమ మీద పడిన వెలుగును దారి మళ్ళిస్తాయి. అది పరిక్షేపణం, దాని వల్లనే నీరు మసకగా కనబడుతుంది. ఆ కణాలకు అంటి ఉన్న ఇనుము ఆక్సైడ్లు నీలి వెలుగును మింగేస్తాయి. అది శోషణం, కంటికి చేరే వెలుగులో ఎరుపు మిగిలేది దాని వల్లనే. పరిక్షేపణం లేకపోతే లోపలికి పోయిన వెలుగు తిరిగి మన కంటికి రాదు, శోషణం లేకపోతే వచ్చినా ఆ వెలుగుకు రంగు ఉండదు.

సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదని, నీటి అణువులే వెలుగును పరిక్షేపిస్తాయని 1921లో ఓడ ప్రయాణంలో గమనించి నిరూపించిన సి.వి. రామన్ బాల్యం విశాఖపట్నంలోనే గడిచింది. మన తీరానికి ఈ శాస్త్రంతో ఉన్న ఆ సంబంధాన్ని విద్యార్థులకు గుర్తుచేయడం నాకు ఇష్టం.

కణం చిన్నదో పెద్దదో దేనిని బట్టి చెప్పాలి?

మిల్లీమీటర్లను బట్టి కాదు, వెలుగు తరంగదైర్ఘ్యంతో పోల్చి చెప్పాలి. కణం చుట్టుకొలతను, ఆ మాధ్యమంలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే వచ్చే సంఖ్యను పరిమాణ పరామితి అంటారు. ఒక మైక్రాను వ్యాసార్ధం గల బంకమట్టి కణం మీద 0.55 మైక్రాన్ల ఆకుపచ్చ వెలుగు నీటిలో పడితే, నీటి వక్రీభవన గుణకం 1.33 కనుక, ఆ పరామితి సుమారు 15 అవుతుంది. అది ఒకటి కంటే బాగా తక్కువైతే 1871లో రేలీ ఇచ్చిన సరళమైన సూత్రం చాలు. వేలల్లో ఉంటే కిరణాల లెక్కతో నెట్టుకురావచ్చు. మన ఒండ్రు కణాలలో ఎక్కువ భాగం ఈ రెంటికీ మధ్య పడతాయి, అక్కడ పూర్తి తరంగ సిద్ధాంతం తప్పదు.

ఆ పూర్తి సిద్ధాంతం ఎవరిది?

గోళాకార కణానికి మాక్స్‌వెల్ సమీకరణాలను పూర్తిగా సాధించి, బంగారపు కొల్లాయిడ్ల రంగులను వివరించిన వ్యాసాన్ని జర్మన్ శాస్త్రవేత్త గుస్తాఫ్ మీ 1908లో ప్రచురించాడు. డెన్మార్క్‌కు చెందిన లోరెంజ్ 1890లోనే దాదాపు ఇదే ఫలితానికి చేరుకున్నాడు. తెలుగులో 'మీ సిద్ధాంతం' అని రాస్తే చదివేవారు తమ సిద్ధాంతం అనుకునే ప్రమాదం ఉంది కనుక ఇక్కడ 'లోరెంజ్–మీ సిద్ధాంతం' అని పూర్తిగా రాస్తున్నాను.

ఆ సిద్ధాంతంలో పరిక్షిప్త తరంగం ఒక అనంత శ్రేణిగా వస్తుంది. ఎన్ని పదాల తరువాత ఆపాలో చెప్పే నియమాన్ని విస్కోంబ్ 1980లో ఇచ్చాడు. పరిమాణ పరామితికి, దాని ఘనమూలానికి నాలుగు రెట్లను, మరో రెండింటిని కలిపితే వచ్చేదే పదాల సంఖ్య. పై బంకమట్టి కణానికి 28 పదాలు, పది మైక్రాన్ల వ్యాసార్ధం గల ఒండ్రు కణానికి సుమారు 176 పదాలు సరిపోతాయి. ఈ రోజుల్లో ఏ ల్యాప్‌టాప్‌కైనా ఇది కనురెప్పపాటు పని.

'శోషించే పదార్థం' అంటే శోషించే కణమా, కణం చుట్టూ ఉన్న మాధ్యమమా?

ఇక్కడ మాధ్యమం అనే అర్థంలోనే వాడుతున్నాం. శోషణను సంకీర్ణ వక్రీభవన గుణకంలోని కల్పిత భాగం చెబుతుంది. దానిని 4π తో హెచ్చవేసి, శూన్యంలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే శోషణ గుణకం, అంటే ఒక్కో మీటరు దారికి వెలుగు ఎంత వేగంగా తగ్గుతుందన్నది వస్తుంది. శోషించే కణాన్ని శోషించని మాధ్యమంలో లెక్కించడంలో కొత్త చిక్కు ఏమీ లేదు, 1908 నాటి సూత్రాలే పనిచేస్తాయి. మాధ్యమం శోషించినప్పుడే అసలు సమస్య మొదలవుతుంది.

స్వచ్ఛమైన నీటి సంగతే చూడండి. 420 నానోమీటర్ల దగ్గర దాని శోషణ గుణకం మీటరుకు 0.005 లోపే ఉంటుంది. 700 దగ్గర 0.62 అవుతుంది. 1450 దగ్గర అది రెండున్నర వేలు దాటుతుంది, అంటే మిల్లీమీటరులో సగం పోయేలోగానే వెలుగు మూడో వంతుకు పడిపోతుంది. మూడు మైక్రాన్ల పరారుణ వెలుగైతే నీటిలో ఒక మైక్రాను దూరానికే దాదాపు అంతగా తగ్గిపోతుంది. ఒకే నీరు ఒక వెలుగుకు గాజులా, మరో వెలుగుకు తారులా ప్రవర్తిస్తుంది. అందుచేత తరంగదైర్ఘ్యం చెప్పకుండా 'నీరు శోషిస్తుందా' అని అడిగితే దానికి జవాబు ఉండదు.

మాధ్యమం శోషిస్తే సిద్ధాంతానికి వచ్చిన ఇబ్బంది ఏమిటి? సూత్రంలో సంకీర్ణ సంఖ్యను పెడితే సరిపోదా?

పెట్టవచ్చు, శ్రేణిలోని గుణకాలు సరిగానే వస్తాయి. మాక్స్‌వెల్ సమీకరణాలకు మాధ్యమపు వక్రీభవన గుణకం వాస్తవమైనా, సంకీర్ణమైనా తేడా లేదు. తేడా వచ్చేది శ్రేణి గుణకాల నుంచి 'కణం ఎంత వెలుగును పరిక్షేపించింది' అన్న ఒక్క సంఖ్యను రాబట్టబోయినప్పుడు.

శోషించని నీటిలో ఒక కణం చుట్టూ చిన్న గోళాన్ని ఊహించి, దాని గుండా బయటికి పోయే పరిక్షిప్త శక్తిని కొలవండి, తరువాత దానికి పది రెట్ల గోళాన్ని ఊహించి కొలవండి. రెండు సార్లూ ఒకే సంఖ్య వస్తుంది, ఎందుకంటే దారిలో శక్తి ఎక్కడా పోలేదు. అందువల్లనే పరిక్షేపణ మధ్యచ్ఛేదం, అంటే కణం వెలుగును మళ్ళించే మేరను వైశాల్యంగా చెప్పే సంఖ్య, ఆ కణానికి చెందిన గుణం అనగలుగుతున్నాం. శోషించే మాధ్యమంలో కణం నుంచి బయలుదేరిన వెలుగు దారి పొడవునా కరిగిపోతుంది కనుక, పెద్ద గోళం మీద కొలిస్తే తక్కువ వస్తుంది. పంట కాలువకు తల దగ్గర వదిలిన నీరు శివారు పొలానికి చేరేసరికి ఎంత మిగిలిందో చెప్పాలంటే ఎక్కడ కొలిచారో ముందు చెప్పాలి, ఇదీ అంతే.

రెండో చిక్కు దీనికంటే సూక్ష్మమైనది. మధ్యచ్ఛేదం అంటే కణం మళ్ళించిన శక్తిని, కణం మీద పడిన వెలుగు తీవ్రతతో భాగించగా వచ్చేది. మాధ్యమం శోషిస్తున్నప్పుడు ఆ పడే వెలుగు కణం ముందు వైపున ఒక తీవ్రతతో, వెనుక వైపున అంతకంటే తక్కువ తీవ్రతతో ఉంటుంది. ఏ తీవ్రతతో భాగించాలి? కణం కేంద్రం ఉన్న చోట, కణం లేనప్పుడు ఉండే తీవ్రతతో భాగించడం ఒక ఒప్పందం. కణం ఉపరితలం మీద పడే మొత్తంతో భాగించడం మరొకటి. రెండు ప్రోగ్రాములు వేర్వేరు సమాధానాలు ఇచ్చినప్పుడు వాటిలో తప్పు వెదికే ముందు, అవి ఏ ఒప్పందాన్ని పాటిస్తున్నాయో చూడాలి.

1970ల నుంచి ఈ విషయంలో రెండు దారులు నడిచాయి. కణం ఉపరితలం మీదనే శక్తి ప్రవాహాన్ని లెక్కించడం ఒక దారి. దానిలో కణం మింగిన శక్తి స్పష్టంగా వస్తుంది, కానీ పడిన వెలుగు, పరిక్షిప్త వెలుగు ఒకదానితో ఒకటి కలిసి వచ్చే పదాలను ఎవరి ఖాతాలో వేయాలన్న తగువు మిగిలిపోతుంది. రెండో దారిని బోరెన్, గిల్రా 1979లో చూపారు. కణానికి ఆవల, వెలుగుకు ఎదురుగా ఒక డిటెక్టరును ఉంచి, కణం ఉన్నప్పుడు ఎంత చదివింది, లేనప్పుడు ఎంత చదివింది అన్న తేడానే క్షీణతగా నిర్వచించారు. తరువాతి కాలంలో మిష్చెంకో మొదలైనవారు, విరళంగా కణాలున్న శోషక మాధ్యమానికి వికిరణ ప్రసార సమీకరణాన్ని, అంటే ఎన్నో కణాలున్న మాధ్యమం గుండా వెలుగు తీవ్రత ఎలా మారుతుందో చెప్పే సమీకరణాన్ని, మాక్స్‌వెల్ సమీకరణాల నుంచే రాబట్టి, అందులో కనిపించే క్షీణత ఈ రకందేనని చూపారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ లక్ష్యం చెరువు లేదా పూత గుండా వెలుగు ఎలా పోతుందో లెక్కించడమైతే రెండో దారినే పట్టుకోండి. ఒక్క కణం ఎంత వేడెక్కుతుందో తెలియాలంటే మొదటి దారి పనికివస్తుంది. రెంటినీ కలిపి ఒకే పట్టికలో రాయకండి.

నా లెక్కలో క్షీణత ఋణ సంఖ్యగా వచ్చింది. ప్రోగ్రాం తప్పా?

తప్పనిసరిగా తప్పు కాదు. పారదర్శకమైన చిన్న కణాన్ని తారులాంటి మాధ్యమంలో పెట్టారనుకోండి. ఆ కణం తాను ఆక్రమించిన మేరకు శోషించే పదార్థాన్ని పక్కకు నెట్టేసింది, కనుక డిటెక్టరుకు కణం లేనప్పటి కంటే ఎక్కువ వెలుగే చేరుతుంది. కణం చాలా చిన్నదై, దాని వక్రీభవన గుణకపు వాస్తవ భాగం మాధ్యమపు దానికి దగ్గరగా ఉంటే, క్షీణత మధ్యచ్ఛేదం ఋణ గుర్తుతో దాదాపుగా కణం ఘనపరిమాణాన్ని మాధ్యమపు శోషణ గుణకంతో హెచ్చవేసినంత ఉంటుంది. ఈ చిన్న గుణకారాన్ని చేతితో చేసి ప్రోగ్రాముతో సరిచూసుకోండి.

మాధ్యమం శోషించని చోట ఋణ సంఖ్య వస్తే మాత్రం ముందుగా గుర్తునే అనుమానించాలి. కాలంతో పాటు తరంగం మారే తీరును రాయడంలో రెండు సంప్రదాయాలున్నాయి. ఒకదానిలో శోషించే పదార్థపు కల్పిత భాగం ధనాత్మకం, మరొకదానిలో ఋణాత్మకం. ఒక సంప్రదాయంలో అచ్చయిన పట్టికను మరో సంప్రదాయంలో రాసిన ప్రోగ్రాముకు ఇస్తే, కణం వెలుగును మింగడానికి బదులు పుట్టిస్తున్నట్టు లెక్క వస్తుంది. తొలి రోజుల్లో ఇనుము ఆక్సైడు పూత ఉన్న కణాలను లెక్కిస్తూ, ఈ ఒక్క గుర్తు కోసం నేను మూడు రోజులు వెదికాను. అప్పటి నుంచి ప్రతి ఫైలు మొదటి పంక్తిలో ఏ సంప్రదాయమో రాసి పెట్టుకుంటున్నాను.

కణం పెద్దదయ్యేసరికి ప్రోగ్రాం అనంతం అనో, 'సంఖ్య కాదు' అనో చూపిస్తోంది. ఏమి చేయాలి?

లోరెంజ్–మీ శ్రేణిలోని పదాలను కట్టే బెసెల్ ప్రమేయాలు సంకీర్ణ సంఖ్యల మీద ఘాతాంక వేగంతో పెరుగుతాయి. సాధారణ డబుల్ ప్రెసిషన్ సుమారు 10 ఘాతం 308 వరకే పట్టగలదు కనుక, ఘాతాంకం 709 దాటితే గిన్నె పొర్లినట్టే. సింగిల్ ప్రెసిషన్‌లో ఆ హద్దు 88 మాత్రమే. మూడు మైక్రాన్ల వెలుగుకు నీటిలో ఉన్న కణమైతే, సింగిల్ ప్రెసిషన్‌లో 0.16 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గరే లెక్క కూలిపోతుంది.

ప్రమేయాలను విడివిడిగా కాక, నిష్పత్తులుగా లెక్కించడమే దీనికి మందు. లాగరిథమిక్ అవకలజాన్ని (ప్రమేయపు అవకలజాన్ని ఆ ప్రమేయంతోనే భాగిస్తే వచ్చేది) పై పదం నుంచి కిందికి దిగుతూ లెక్కిస్తే దోషం ప్రతి మెట్టుకూ తగ్గుతుంది. కింది నుంచి పైకి పోతే పెరుగుతుంది. బోరెన్, హఫ్‌మన్ 1983లో ప్రచురించిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాం కూడా కణం లోపలి ప్రమేయానికి ఇదే పద్ధతిని వాడుతుంది. కానీ అది శోషించని మాధ్యమానికి రాసినది. బయటి ప్రమేయాలను అది వాస్తవ సంఖ్యలుగానే తీసుకుంటుంది కనుక, చలరాశుల రకాన్ని సంకీర్ణంగా మార్చినంత మాత్రాన సరిపోదు. బయటి ప్రమేయాల నుంచి కూడా ఘాతాంక భాగాన్ని విడదీసి, చివర్లో మాత్రమే కలపాలి.

మన కాలువ నీటికి, చెరువు నీటికి ఇంత గొడవ అవసరమా?

కంటికి కనబడే వెలుగు వరకు అవసరం లేదు. దీనిని ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల విద్యార్థులు నెలల సమయం పోగొట్టుకోవడం చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. సిద్ధాంతం వెదికే ముందు ఒక్క గుణకారం చేయండి: మాధ్యమపు శోషణ గుణకాన్ని కణం వ్యాసంతో హెచ్చవేయండి. 700 నానోమీటర్ల ఎర్ర వెలుగుకు, రెండు మైక్రాన్ల వ్యాసమున్న కణానికి అది పది లక్షల్లో ఒక వంతుకు కాస్త పైన. కోరింగ మడ అడవుల్లో ఆకులు కుళ్ళి టీ డికాక్షను రంగుకు తిరిగిన నీటిలో నీలి వెలుగుకు శోషణ మీటరుకు 5 ఉందనుకున్నా అది లక్షలో ఒక వంతే. మీ కొలతల్లో దోషం దీనికంటే వేల రెట్లు ఉంటుంది. కనుక ఒక్క కణం లెక్కలో నీటిని శోషించనిదిగా తీసుకోండి. నీటి శోషణను, అందులో కరిగిన రంగు పదార్థాల శోషణను తరువాతి మెట్టులో, కణాల మధ్య వెలుగు ప్రయాణించే దూరానికి వర్తింపజేయండి. కణం వెడల్పు మైక్రానే కావచ్చు, కణానికీ కణానికీ మధ్య వెలుగు నడిచే దారి సెంటీమీటర్లలో ఉంటుంది.

ధాన్యంలో తేమను 1450 నానోమీటర్ల దగ్గర కొలిచే పని వేరు. బియ్యపు పిండి రేణువులు మూడు నుంచి ఎనిమిది మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి. చుట్టూ నీరే ఉందనుకుంటే అక్కడ ఆ గుణకారం నూటికి ఒకటి, రెండు వంతులకు చేరుతుంది. అంత ఖచ్చితత్వం కావాలంటే శోషక మాధ్యమపు సూత్రాలు తీయాలి. పరారుణంలో ఇంకా పైకి, మూడు మైక్రాన్లకు పోతే ఇక అవి లేనిదే అడుగు పడదు. దట్టమైన రంగు పూతలలోని కణాలు, మంచులో చిక్కుకున్న గాలి బుడగలు కూడా తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఈ కోవకు వస్తాయి.

మట్టి కణాలు గోళాలు కావు కదా?

కావు. బంకమట్టి పలకలు పలకలుగా ఉంటుంది. భ్రమణ సౌష్ఠవం ఉన్న ఆకారాలకు 1965లో వాటర్‌మన్ ప్రతిపాదించిన టీ–మాత్రిక పద్ధతి వేగంగా పనిచేస్తుంది. ఏ ఆకారానికైనా పనికివచ్చేది వివిక్త ద్విధ్రువ పద్ధతి. కణాన్ని చిన్న చిన్న ద్విధ్రువాల గడిగా భావించి అవి ఒకదానినొకటి ఎలా కదిలిస్తాయో సాధించే ఈ దారిని పర్సెల్, పెన్నీప్యాకర్ 1973లో వేశారు. కణంలోని ఒక తరంగదైర్ఘ్యానికి పది ద్విధ్రువాలన్నది వాడుకలో ఉన్న కొలత. ఆ లెక్కన మన రెండు మైక్రాన్ల కణానికి సుమారు లక్ష ద్విధ్రువాలు కావాలి, వ్యాసం పది రెట్లైతే పది కోట్లు. మొదటిది ఇంటి కంప్యూటరు మీద నడుస్తుంది, రెండోదానికి పెద్ద క్లస్టరు కావాలి. నీటితో పోలిస్తే మట్టి వక్రీభవన గుణకం 1.17 దరిదాపుల్లోనే ఉండటం మన అదృష్టం, తేడా తక్కువగా ఉన్నప్పుడు ఈ పద్ధతి త్వరగా ఒక కొలిక్కి వస్తుంది.

కణాల పరిమాణాలను ఎలా తెలుసుకోవాలి?

ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది ఇదే. ఎర్రనీటిని గాజు గ్లాసులో కదపకుండా ఉంచండి. పావుగంటలో అడుగున పలుచని పొర కడుతుంది, అది ఇరవై మైక్రాన్లు, ఆపై వ్యాసమున్న ఒండ్రు. పై నీరు మాత్రం మరునాటికీ తేరుకోదు. స్టోక్స్ సూత్రం ప్రకారం రెండు మైక్రాన్ల కణం రోజుకు ముప్పై సెంటీమీటర్లకు కాస్త పైగా దిగుతుంది. అంతకంటే చిన్నవి రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి.

ఒక గ్రాము మట్టి రెండు మైక్రాన్ల గోళాలుగా ఉంటే వాటి నీడల మొత్తం వైశాల్యం 0.28 చదరపు మీటరు. అదే గ్రాము ఇరవై మైక్రాన్ల గోళాలుగా ఉంటే 0.028. బిందె లోపల చిల్లగింజ అరగదీసినా, పటిక తిప్పినా నీరు తేరుకోవడంలో కిటుకు ఇదే: కణాల మీది విద్యుదావేశపు వికర్షణ తగ్గి అవి గుంపుకట్టగానే, మట్టి బరువు అంతే ఉన్నా వెలుగుకు అడ్డుపడే వైశాల్యం ముందే పడిపోతుంది, తరువాత గుంపులు అడుగుకు దిగుతాయి. కనుక లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మట్టి ఉందన్న సంఖ్య ఒక్కటే తీసుకుని పరిక్షేపణాన్ని లెక్కించలేరు.

ఒక్క కణం లెక్క నుంచి చెరువు దాకా ఎలా వెళ్ళాలి?

కణాలు విరళంగా ఉంటే వాటి మధ్యచ్ఛేదాలను కూడి, వికిరణ ప్రసార సమీకరణానికి అందించాలి. మోంటే కార్లో పద్ధతిలో ఒక్కో ఫోటానును వదిలి, అది ఎంత దూరం పోతుందో, ఎటు మళ్ళుతుందో, ఎక్కడ శోషితమవుతుందో యాదృచ్ఛిక సంఖ్యలతో నిర్ణయిస్తారు. నీటి శోషణ, రంగు పదార్థాల శోషణ, కణాల శోషణ ఇక్కడ కూడుకుంటాయి. దోషం ఫోటానుల సంఖ్య వర్గమూలం మేరకే తగ్గుతుంది, కనుక పది రెట్ల ఖచ్చితత్వానికి వంద రెట్ల ఫోటానులు కావాలి.

భీమవరం వైపు రొయ్యల రైతులు నీటి తేటదనం చూడటానికి చెరువులోకి దించే సెక్కీ బిళ్ళ 1865లో మధ్యధరా సముద్రంలో మొదలైన సాధనం. బిళ్ళ ముప్పై నుంచి నలభై సెంటీమీటర్ల లోతున కనుమరుగైతే నీరు బాగున్నట్టు లెక్క. అయితే వాన తరువాత గట్టు మట్టి కలిసినా ముప్పై ఐదు రావచ్చు, నాచు పెరిగినా అదే ముప్పై ఐదు రావచ్చు. మట్టి ప్రధానంగా పరిక్షేపిస్తుంది. నాచులోని పత్రహరితం 440, 675 నానోమీటర్ల దగ్గర శోషిస్తుంది. రెండు తరంగదైర్ఘ్యాల వద్ద అనుకరణ నడిపి, పైకి తిరిగివచ్చే వెలుగుల నిష్పత్తిని చూస్తే ఈ రెంటినీ వేరుచేయవచ్చు. మట్టి కణాల వెలుగులో వెనక్కి తిరిగేది నూటికి ఒకటి రెండు పాళ్ళే కనుక, కోణీయ పంపిణీని ఉజ్జాయింపుగా తీసుకుంటే ఈ నిష్పత్తి మీదే దెబ్బ పడుతుంది. 1941లో హెన్యే, గ్రీన్‌స్టైన్ నక్షత్రాల మధ్య ధూళి కోసం ఇచ్చిన సులువైన సూత్రాన్ని ఇక్కడ కళ్ళు మూసుకుని వాడవద్దు.

నా ప్రోగ్రాం సరైనదని ఎలా నమ్మాలి?

కణానికి, మాధ్యమానికి ఒకే వక్రీభవన గుణకం ఇవ్వండి: పరిక్షేపణం సున్నా రావాలి. మాధ్యమపు కల్పిత భాగాన్ని క్రమంగా సున్నాకు తగ్గించండి: పాత లోరెంజ్–మీ ఫలితం మీదికి మెల్లగా దిగాలి, గెంతకూడదు. శోషించని మాధ్యమంలో కణాన్ని బాగా పెద్దది చేయండి: క్షీణత మధ్యచ్ఛేదం కణం నీడకు రెట్టింపు దగ్గర స్థిరపడాలి. శ్రేణికి మరో ఇరవై పదాలు కలిపి చూడండి, పది దశాంశ స్థానాల వరకు మార్పు ఉండకూడదు. ఈ నాలుగింటిలో ఎక్కువ మంది వదిలేసేది రెండోది, శోషక మాధ్యమపు ప్రోగ్రాములో దొర్లిన తప్పులు ఎక్కువగా బయటపడేదీ అక్కడే.